వార్షిక నివేదిక: సాంచా మారింది, పనివాడి సంగతేంటి?

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం ఎక్కువగా ఒక్క విషయం మీదే పనిచేసింది. సాంచా (మరమగ్గం) పని కోసం సిరిసిల్ల నుంచి భీవండికో సూరత్‌కో పోయే మనవాడికి తన పనితనం అక్కడా అక్కరకొస్తుందా అన్నదే ఆ విషయం.

ఇన్నాళ్లూ ఆ టెన్షన్ లేదు. పాత సాంచా ఇక్కడా అక్కడా ఒకటే. తెగిన పోగు అతికి, అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పేక (అడ్డపోగు) నూలు చుట్టిన కాండె మార్చి, ఒక్కడే నాలుగైదు సాంచాలు చూసుకునే మనిషికి ఎక్కడికి పోయినా పని దొరికేది. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చాక కొందరు భీవండి నుంచి తిరిగొచ్చి, మర్నాడే సాంచా ఎక్కారు.

కొత్తరకం రేపియర్ మగ్గంతో లెక్క మారింది. దానికి నాడె లేదు. పేక నూలు కోను నుంచే అందుతుంది కాబట్టి కాండెలు చుట్టే పని ఉండదు. మన దగ్గర ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. యంత్రాల గురించి మాట్లాడుకునే మీటింగుల్లో వాళ్ల ఊసే రాదు. అది మన తప్పే. అందుకే ఈసారి వాళ్లతో విడిగా కూర్చున్నాం. పెద్దూరు అపారెల్ పార్కులో కుట్టుపని ఉంది కదా అని మేం అంటే, ఒకామె వెంటనే అడిగింది: "కాండెలు చుట్టుకుంటూనే పొయ్యి చూసుకుంటా, పిల్లల్ని చూసుకుంటా. షిఫ్టుకు పోతే ఇల్లెవరు చూస్తారన్నా?" మా దగ్గర జవాబు లేదు. కుట్టుపని నేర్పడం ఒక్కటే చాలదనీ, పనివేళల గురించి కూడా యాజమాన్యాలతో మాట్లాడాలనీ ఆ రోజే తీర్మానించాం.

మగవాళ్ల కష్టం వేరు. కూలి మీటరు లెక్కన, ఆ లెక్క ఆసామి (సాంచాల యజమాని) పుస్తకంలో. ఇరవై ఏళ్లు నేసినా ఆ అనుభవం రాసిన కాగితం ఒక్కటీ చేతికి రాదు. పైగా ఆసామి దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా షెడ్డు మారే వీల్లేదు. మన సభ్యుడొకరు రేపియర్ నేర్చుకునే అవకాశం వచ్చినా ఈ బాకీ వల్లే పోలేకపోయారు. పనిమంతుడు పని నేర్చుకోవడానికి అప్పు అడ్డం రావడం మమ్మల్ని చాలా బాధపెట్టింది.

అందుకని సభ్యులకు అనుభవ పత్రాలు రాసివ్వడం మొదలుపెట్టాం. ఎన్నేళ్లు నేశారు, ఏ నూలు మీద నేశారు, బట్టలో డిజైన్లు తీసే డాబీ వచ్చా, జకార్డ్ వచ్చా అన్నవి అందులో ఉంటాయి. అసంఘటిత కార్మికుల కోసం 2021లో కేంద్రం తెచ్చిన ఈ-శ్రమ్‌లో పేరు లేనివాళ్ల చేత నమోదు చేయించాం. వలస పోయిన చోట కూడా రేషన్ తీసుకోవచ్చని చాలామందికి ఇంకా తెలియదు, అదీ చెప్పాం. జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో చదువుతాం.

వచ్చే ఏడాది జాబర్ పని, అంటే మగ్గాలు బాగుచేసే పని, నేర్పించాలని ఉంది. మగ్గం విప్పి బిగించగల మనిషి కొత్త యంత్రం దగ్గరా నిలబడతాడు. ఆ పని తెలిసిన సభ్యులు నెలకు రెండు ఆదివారాలు ఇవ్వగలిగితే కార్యదర్శికి చెప్పండి.