ఎక్స్‌పీరియన్స్ కూడా కొనుక్కోవాలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్ కెరీర్ పేజీలో ఫ్రెషర్లు ఇంటర్వ్యూకి ఎలా రెడీ అవ్వాలో రాశారు, నవ్వుతూ మాట్లాడాలి, షూ పాలిష్ చేసుకోవాలి, ఇవన్నీ. బాగానే ఉంది గానీ బెంగళూరు మారతహళ్ళిలో మా పీజీ హాస్టల్లో ఉన్న కుర్రాళ్ళకి అసలు ఇంటర్వ్యూ దాకా వెళ్ళడమే కుదరట్లేదండి, షూల సంగతి తర్వాత. అందుకే రాస్తున్నా.

నాది కడప జిల్లా, బీటెక్ ఈసీఈ. ఇక్కడ మా పీజీ ఓనర్ది నెల్లూరు, మెస్సు ఆంటీది అనంతపురం, పై ఫ్లోర్ మొత్తం గుంటూరు ప్రకాశం పిల్లలే, సాయంత్రం టీ కొట్టు దగ్గర నిలబడితే బెంగళూరులో ఉన్నామనే అనిపించదు. అందరిదీ ఒకటే గోల. జాబ్ పోర్టల్లో పైన పెద్దక్షరాలతో ఫ్రెషర్స్ అని ఉంటుంది, నొక్కి లోపలికెళ్తే ఒకటి నుంచి రెండేళ్ళ అనుభవం తప్పనిసరి అంటారు. రెండేళ్ళు పని చేసినోడు ఫ్రెషర్ ఎలా అవుతాడో ఆ యాడ్ రాసినాయనకే తెలియాలి.

ఇంకోటి ఉంది, ఇది ఇంట్లో వాళ్ళకి ఎంత చెప్పినా అర్థం కాదు. నిజంగా ఫ్రెషర్లని తీసుకునే కంపెనీలు బ్యాచ్ చూస్తాయి. ఈ ఏడాది పాసైన వాళ్ళు, మహా అయితే పోయినేడాది వాళ్ళు, అంతే. అంటే కాలేజీ నుంచి బయటికొచ్చి ఏడాదిన్నర దాటితే మనం ఫ్రెషర్లలోనూ లేం, అనుభవం ఉన్నవాళ్ళలోనూ లేం. ఊళ్ళో మాత్రం ఇంకా వెతుకుతున్నాడా అని ఆశ్చర్యపోతారు, వీడే సరిగ్గా ట్రై చెయ్యట్లేదనుకుంటారు.

ఫోన్లు కూడా అప్పుడప్పుడు వస్తాయి. హెచ్‌ఆర్ మేడం మొదటి ప్రశ్నే నోటీస్ పీరియడ్ ఎంత అని, అంటే ఇప్పుడున్న ఉద్యోగం మానడానికి ఎన్నాళ్ళు పడుతుందని. లేదు మేడం ఫ్రెషర్ని అంటే ఓ సెకను సైలెన్స్, తర్వాత ఓకే మేమే కాల్ చేస్తాం అని పెట్టేస్తారు. మళ్ళీ చెయ్యరని ఇద్దరికీ తెలుసు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కడుంది. అనుభవం ఎవరూ ఇవ్వట్లేదు కాబట్టి అది అమ్మకానికి వచ్చేసింది. మా ఏరియాలో కరెంటు స్తంభాల మీద హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ కాగితాలు అంటించి ఉంటాయి కదా, వాటిల్లో చాలావరకు మామూలు కోచింగ్ సెంటర్లే, కొన్ని మాత్రం వేరే. మా రూమ్మేట్‌కి తోడుగా ఒక దానికి వెళ్ళాను. కింద టిఫిన్ సెంటరు, పైన రెండో ఫ్లోర్లో ఒక గది, లోపల మన తెలుగాయనే, చాలా మర్యాదగా కూర్చోబెట్టి నీళ్ళిచ్చి "ఎన్నేళ్ళు కావాలి తమ్ముడూ, రెండా మూడా?" అన్నాడు. బట్టల షాపులో సైజు అడిగినట్టు. ఆఫర్ లెటరు, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటరు కలిపి ఒక రేటు, పీఎఫ్ కూడా కావాలంటే ఇంకో రేటు, ఫోన్లో మేనేజర్‌గా మాట్లాడే మనిషిని కూడా వాళ్ళే పెడతారట. ఈఎంఐ ఆప్షన్ కూడా ఉందన్నాడు, నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

మా వాడు తీసుకోలేదు. తీసుకున్నవాళ్ళు మా పీజీలోనే ఉన్నారు, వాళ్ళని నేను తిట్టలేను. అదే చదువు, అవే మార్కులు, రెజ్యూమేలో రెండేళ్ళు కలిపేసరికి కాల్స్ వాటంతట అవే వస్తున్నాయి. కానీ ఇప్పుడు పెద్ద కంపెనీలు పీఎఫ్ రికార్డు చూస్తున్నాయి, మన యూఏఎన్ కింద, అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు కింద, ఏ కంపెనీలో ఎప్పుడు చేరాం ఎప్పుడు మానేశాం అంతా ఉంటుంది. జాయినయ్యాక వెరిఫికేషన్లో దొరికిపోయి లాప్‌టాప్ ఇచ్చేసి వచ్చినోడు ఒకడున్నాడు, వాళ్ళింట్లో ఇంకా ఉద్యోగం చేస్తున్నాడనే అనుకుంటున్నారు.

చదువుకున్నోళ్ళకే ఈ ఖర్మ ఎక్కువ. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐఎల్‌ఓ 2024లో ఇచ్చిన ఇండియా ఎంప్లాయ్‌మెంట్ రిపోర్ట్‌లో ఉంది, 2022లో డిగ్రీ చదివిన యువతలో నిరుద్యోగం 29.1 శాతం, చదవడం రాయడం రానివాళ్ళలో 3.4 శాతం. పాపం వాళ్ళు పని లేకుండా కూర్చునే స్థితిలో ఉండరు, ఏది దొరికితే అది చేస్తారు, అది కూడా నిజమే.

నిరుద్యోగ భృతి ఇమ్మని అడగట్లేదు సార్. కర్ణాటకలో యువనిధి కింద డిగ్రీ వాళ్ళకి నెలకి 3,000 ఇస్తున్నారు, అది ఇక్కడి వాళ్ళకే, న్యాయమే. మాకు కావాల్సింది మొదటి ఏడాది పని. దానికి చట్టం కూడా ఉంది, 1961 నాటి అప్రెంటిసెస్ యాక్టు, అప్రెంటిస్ అంటే కంపెనీలో స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునేవాడు, 1973లో ఇంజినీరింగ్ డిగ్రీ, డిప్లొమా వాళ్ళని కూడా అందులో కలిపారు. 30 మంది లేదా అంతకంటే ఎక్కువ పని చేసే ఏ సంస్థ అయినా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లని తీసుకోవాలి. 2019 రూల్స్‌లో డిగ్రీ వాళ్ళకి నెలకి కనీసం 9,000 స్టైపెండ్ పెట్టారు, నాట్స్ అనే కేంద్ర అప్రెంటిస్ స్కీములో అయితే కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రమే భరిస్తుంది. మన సౌత్ మొత్తానికి ఆ స్కీము ఆఫీసు చెన్నై తరమణిలో ఉంది. ఇదంతా నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు, నాలుగేళ్ళలో ప్లేస్‌మెంట్ సెల్ వాళ్ళ నోట అప్రెంటిస్ అనే మాటే రాలేదు, ఐటీఐ వాళ్ళకే అనుకున్నాం అందరం. ఇదే బెంగళూరులో హెచ్‌ఏఎల్, బీఈఎల్ లాంటి ప్రభుత్వ కంపెనీలు గ్రాడ్యుయేట్ అప్రెంటిస్ నోటిఫికేషన్లు ఇస్తుంటాయి. ఐటీ పార్కుల్లో మాత్రం ఈ పేరెత్తేవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు.

నేర్పిస్తే ఆర్నెల్లకే వేరే కంపెనీకి పోతారు అని కంపెనీలు అంటాయి. నిజమే, పోతారు. కానీ అప్రెంటిస్‌కి తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలని కూడా రూలు లేదు కదా, ఏడాది చూసుకుని నచ్చితే ఉంచుకోవచ్చు, లేదంటే సర్టిఫికెట్ ఇచ్చి పంపొచ్చు. ఆ ఏడాదిని మిగతా కంపెనీలు అనుభవంగా లెక్కేస్తే చాలు, రెండో ఫ్లోర్ ఆయన బేరం సగం పడిపోతుంది. ఆ కనీస స్టైపెండ్‌తో బెంగళూరులో బతకలేం, పీజీకి, తిండికే అయిపోతాయి, ఇంటి నుంచి ఇంకా కొంత తెప్పించుకోవాల్సిందే. అయినా దొంగ పే స్లిప్పులకి పోసే డబ్బు కంటే అది నయం.

చివరగా మీ పేపర్ గురించి ఒక మాట, కోపం తెచ్చుకోకండి. క్లాసిఫైడ్స్‌లో గ్యారంటీ జాబ్, బ్యాక్‌డోర్ ఎంట్రీ అనే యాడ్‌లు వస్తున్నాయి, అవి తీసుకునేటప్పుడు వాళ్ళ అడ్రసైనా ఒకసారి చూడండి. అలాగే గ్రూప్స్, డీఎస్సీ నోటిఫికేషన్లకి ఇచ్చే చోటులో కాస్త ఈ అప్రెంటిస్ నోటిఫికేషన్లకి కూడా ఇవ్వండి. పోయినసారి ఒకటి వేశారు, అప్పటికి అప్లికేషన్ గడువు రెండ్రోజులే ఉంది, అందులో ఒకటి ఆదివారం.

ఇట్లు,
ఒక బీటెక్ కుర్రాడు, మారతహళ్ళి, బెంగళూరు
(పేరు వెయ్యకండి, ఇంట్లో రోజూ మీ పేపరే తెప్పిస్తారు)