పుల్ల లేని ఊలాంగ్ టీ

ఒసాకా వెళ్ళే రైల్లో,
జనవరి, మంగళవారం పొద్దున.

ఒరేయ్ శీనుగా,

ముందు నీకు తిట్టాలనిపించినవన్నీ తిట్టేసెయ్. వినాయక చవితికి నువ్వు రాసిన ఉత్తరానికి సంక్రాంతి నెలలో జవాబు రాస్తున్నవాణ్ణి, పడాల్సిందే. రెండుసార్లు మొదలుపెట్టా. ఒకటి పాప చించేసింది, రెండోది నేనే ఎక్కడో పెట్టి మర్చిపోయా. ఇవాళ ఆఫీసు పని మీద ఒసాకా పోతున్నా. రెండున్నర గంటల ప్రయాణం, పక్క సీటు ఖాళీ, ఫోన్లో చార్జింగ్ లేదు. ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు.

ఇంటి సంగతులు గబగబా: పాపకి కింద రెండు పళ్ళు వచ్చాయి, మా ఆవిడ డ్రైవింగ్ టెస్టు రెండోసారి పోయింది (నేను చెప్పానని తెలియనివ్వకు), అమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే, నిషి కసాయిలో మనవాళ్ళ కొట్టుకి గోంగూర వచ్చింది. అయిపోయింది. ఇక అసలు సంగతి. మూడు వారాలుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నా. ఫోన్లో చెబితే మధ్యలోనే నవ్వి చెడగొడతావని ఆగా.

మా బుచో గుర్తున్నాడా? డిపార్ట్‌మెంట్ పెద్ద. నువ్వు ఫొటో చూసి 'హెడ్మాస్టరు' అని పేరు పెట్టావే, ఆయన. వచ్చే మార్చితో రిటైరవుతున్నారు, అరవై నిండాయి. డిసెంబర్లో ఇక్కడ చాలా ఆఫీసుల్లో బోనెన్‌కాయ్ అని ఒక విందు జరుగుతుంది. ఏడాదిని మర్చిపోయే విందు అని ఆ మాటకి అర్థం. మర్చిపోవడం దేంతో అన్నది నేను చెప్పక్కర్లేదు.

నీకు దాని పద్ధతులు చెప్పాలి, లేకపోతే కథ పండదు. కూర్చోగానే ఎవరికి ఏం కావాలని అడగరు. 'తోరియేజు నామా' అనేస్తారు, ముందైతే బీరు తెమ్మని. మెనూ తెరవకముందే అందరి ముందూ మగ్గులు దిగుతాయి. నీ గ్లాసులో నువ్వు పోసుకోకూడదు, పక్కవాడు పోయాలి. పెద్దాయనకి పోసేటప్పుడు సీసా రెండు చేతులతో పట్టుకోవాలి, లేబుల్ పైకి కనపడాలి. చీర్స్ కొట్టేటప్పుడు నా గ్లాసు అంచు ఆయన గ్లాసు అంచుకన్నా కింద ఉండాలి. మన పెళ్ళిళ్ళలో వియ్యంకుడికి కూడా ఇంత మర్యాద జరగదు.

నేను 2016లో జపాన్ వచ్చిన కొత్తలో, భాష రాదు, తిండి సరిపడదు, మనుషుల్లో కలవడానికి ఉన్న ఒకే దారి ఇదనిపించింది. హెడ్మాస్టరు గారు బీరు ఒక్క గుక్క తాగి పక్కన పెట్టేవారు. ఆ తర్వాత నుంచీ ఊలాంగ్ హై. అంటే చల్లటి ఊలాంగ్ టీలో షోచూ అనే ఇక్కడి మందు కలిపింది. రంగు మన పల్చటి డికాషన్ రంగు. ఒకటి, మూడు, అయిదు, ఏడు. మనిషి చలించడు. టై ముడి కూడా వదులు కాదు. పదకొండింటికి లేచి, ఒంగి దండం పెట్టి, తిన్నగా గీత గీసినట్టు స్టేషన్‌కి నడిచి వెళ్ళిపోయేవారు. నేను నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. మొహమాటానికి నేనూ అదే తెప్పించుకునేవాణ్ణి. ఆయన ఏడు తాగితే నేను అయిదైనా తాగకపోతే బాగుండదు కదా. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళ సామెత ఉందిగా, పూర్తిగా రాయను, కండక్టరమ్మ అటూ ఇటూ తిరుగుతోంది.

ఎన్నిసార్లు ఆఖరి రైల్లో నిద్రపోయి, మా స్టేషన్ దాటిపోయి, లైను చివర నిషి ఫునాబాషిలో తేలానో లెక్కలేదు. అక్కణ్ణించి అర్ధరాత్రి టాక్సీ అంటే మన ఇద్దరి కాలేజీ నెల ఖర్చు. ఏటా కంపెనీ చేయించే హెల్త్ చెకప్‌లో లివరుకి సంబంధించి గామా జీటీపీ అని ఒక అంకె వస్తుంది. 50 లోపు ఉండాలి. నాది 131. మా ఆవిడ ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అతికించింది. ఇంకా తీయలేదు.

ఆగు, ఫూజీ కనపడుతోంది. మబ్బు లేదు ఇవాళ.

సరే. మొన్న డిసెంబర్. కాందా స్టేషన్ దగ్గర సందులో ఎప్పుడూ వెళ్ళే కొట్టే. పార్టీ ఏదైనా ఆయన అక్కడే పెడతారు, ఎందుకని నేనెప్పుడూ ఆలోచించలేదు. పదకొండు మందిమి. రెండు గంటలు ఎంతైనా తాగొచ్చు, తలకి అయిదువేల యెన్లు. నేను అలవాటుగా 'తోరియేజు' అని నోరు తెరిచానో లేదో, పోయినేడాది చేరిన కుర్రాడు చెయ్యెత్తి, "నాకు ఊలాంగ్ టీ అండీ" అన్నాడు. మామూలుగా, మన హోటల్లో ఇంకో సాంబారు అడిగినట్టు. పక్కనున్న అమ్మాయి అల్లం సోడా. ఆ పక్కవాడు ఆల్కహాల్ లేని బీరు. లెక్కపెడితే పదకొండులో ఆరుగురు. నాకు గుండె జారింది. పెద్దాయన చివరి బోనెన్‌కాయ్ రా, ఏమనుకుంటారో అని.

ఆయన వేడి తువ్వాలుతో చేతులు మెల్లగా తుడుచుకుంటూ ఆ పిల్లల వంక కాసేపు చూశారు. తువ్వాలు మడిచి పెట్టారు. కౌంటర్ వైపు తిరిగి ఓనరమ్మతో అన్నారు:

"నాకూ ఊలాంగ్ టీ. ఇవాళ పుల్ల వద్దు."

ఆవిడకి డెబ్బై దాటి ఉంటాయి. ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆగదే. చివరికి కొంగు లాంటి ఏప్రన్ అంచుతో కళ్ళు తుడుచుకుంది.

నీకు అర్థం కాలేదు కదూ, మాకూ కాలేదు. ఆ కొట్లో షోచూ కలిపిన గ్లాసులో ప్లాస్టిక్ పుల్ల వేసి ఇస్తారు, కలుపుకోవడానికి. ఉత్త టీకి స్ట్రా. రెండూ ఒకే రంగు కాబట్టి అదే గుర్తు. ఆయన ఊలాంగ్ హై చెప్పినప్పుడల్లా ఆవిడ ఉత్త టీలో పుల్ల వేసి ఇచ్చేది. ముప్పై నాలుగేళ్ళుగా.

ఒరేయ్. ముప్పై నాలుగేళ్ళు. టీ!

నేను తొమ్మిదేళ్ళు టీ తాగే మనిషితో పోటీ పడి మందు తాగానురా. నా 131 ఆ టీ వల్ల వచ్చింది. నవ్వు, నవ్వు, నేనూ అక్కడ పడి పడి నవ్వా. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెబితే ఆవిడ మాత్రం నవ్వలేదు. ఫ్రిజ్ వైపు చూసింది.

ఆయన కథ ఇది. 1988లో ఉద్యోగంలో చేరారు. డబ్బు పొంగిపొర్లుతున్న రోజులవి. కొత్తవాళ్ళకి స్వాగతం అని పిలిచి, మధ్యలో నిలబెట్టి, చుట్టూ చప్పట్లు కొడుతూ 'ఇక్కీ, ఇక్కీ' అని అరుస్తారు, ఒక్క గుక్కలో ఖాళీ చెయ్యమని. చేశారు. మొహం పండుమిరపకాయ అయిపోయి అక్కడే పడిపోయారు, ఆసుపత్రిలో సెలైన్. ఆయన ఒంటికి పడదు, అంతే. మందు లోపలికి వెళ్ళాక ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుందట. దాన్ని విరగ్గొట్టాల్సిన ఎంజైమ్ ఇక్కడ పదిమందిలో దాదాపు నలుగురికి పుట్టుకతోనే బలహీనం. అంటే చూడు, ఆ రోజుల్లో ప్రతి బల్ల దగ్గరా ఎంతమంది నటిస్తూనో కక్కుకుంటూనో ఉండేవారో. అలాంటివాళ్ళు పట్టుబట్టి అలవాటు చేసుకుంటే అన్నవాహిక క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలు వాళ్ళకన్నా చాలా ఎక్కువ. ఆయనతో పాటు చేరిన స్నేహితుడొకాయన అలాగే అలవాటు చేసుకున్నాడు. 51 ఏళ్ళకి పోయాడు, దాంతోనే. "అతనికి పుల్ల వేసి ఇచ్చే ఓనరమ్మ దొరకలేదు" అన్నారు. బల్ల మీద ఎవరూ మాట్లాడలేదు కాసేపు.

వేరే కొట్టుకి పిలిస్తే కారులో వచ్చానని చెప్పేవారట. 2007లో ఇక్కడ చట్టం మారింది. తాగి నడిపినవాడికే కాదు, నడుపుతాడని తెలిసి పోసినవాడికీ, పక్కన ఎక్కి కూర్చున్నవాడికీ శిక్ష. "ఆ చట్టం వచ్చిన రోజు నాకు పండగ" అన్నారు. కారు లేదు ఆయనకి!

అప్పుడు ఆ కుర్రాణ్ణి అడిగారు: "టీ కావాలని చెప్పడానికి నీకు భయం వెయ్యలేదా?"

వాడు కాసేపు ఆలోచించి, "దేనికండీ?" అన్నాడు.

వెటకారం కాదురా. నిజంగా ప్రశ్న అర్థం కాలేదు వాడికి. నేను హెడ్మాస్టరు మొహం చూశా. ఏం చెప్పను, నాకు మాటలు రావు. సంతోషమో ఏడుపో తెలియని మొహం.

వాడు తాగడని కాదు. నెలకోసారి స్నేహితుడితో ఏదో మంచి వైన్ తాగుతాడట, గ్లాసున్నర. రోజూ ఎందుకు తాగవంటే 'టైపా' బాగోదన్నాడు. టైమ్ పెర్ఫార్మెన్స్‌ని వీళ్ళు కుదించుకున్న మాట అది, పెట్టిన సమయానికి గిట్టుబాటు అన్నమాట. శుక్రవారం తాగితే శనివారం తలనొప్పికి పోతుంది, ఆ పూట గేమ్ ఆడుకోవచ్చు, నిద్రపోవచ్చు, జీతమూ మిగులుతుంది. అల్లం సోడా అమ్మాయి ఇంకోటి చెప్పింది. బలవంతంగా తాగించడాన్ని ఇప్పుడు 'అరుహరా' అంటారు, మందు వేధింపు. చేరిన వారంలోనే ట్రైనింగులో చెబుతారట. నేను చేరినప్పుడు చెప్పినా నాకు భాష రాలేదుగా! రెండు మూడేళ్ళు కరోనా పుణ్యమా అని ఈ విందులే లేకుండా పోయాయి. ఆ టైములో చేరినవాళ్ళకి 'తోరియేజు నామా' నేర్పినవాళ్ళే లేరు. నాకు తోచింది ఇదీ: తాగడంకన్నా తాగించడం ఎక్కువ తగ్గింది ఇక్కడ. ముసలివాళ్ళు పెరిగారు, కుర్రాళ్ళే తక్కువ, అదీ ఒక లెక్క అనుకో.

ఆ రాత్రి నుంచీ ఇదే పిచ్చి పట్టి చదువుతున్నా. 1995లో ఇక్కడ పెద్దవాళ్ళు సగటున ఏడాదికి 100 లీటర్ల మందు తాగేవారు, 2020కి 75కి దిగింది. 1980లో ప్రభుత్వ పన్నుల రాబడిలో నూటికి 5 వంతులు మందు మీదే వచ్చేది, 2020లో 1.7. దాంతో పన్నుల శాఖకి టెన్షన్ పట్టుకుని, 2022లో ఏం చేసిందో తెలుసా? 'సాకే వివా' అని పోటీ పెట్టింది. 20 నుంచి 39 ఏళ్ళ వాళ్ళు పాల్గొనొచ్చు. కుర్రకారు మళ్ళీ మందు తాగేలా మంచి ఐడియాలు ఇవ్వండి అని! అదే దేశంలో 2024 ఫిబ్రవరిలో ఆరోగ్య శాఖ, రోజుకి మగవాళ్ళు 40 గ్రాములు, ఆడవాళ్ళు 20 గ్రాముల ఆల్కహాల్ దాటితే జబ్బుల ముప్పు పెరుగుతుందని మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక శాఖ తాగండి బాబూ అంటే ఇంకో శాఖ వద్దు నాయనా అంటుంది. అసాహీ బీరు కంపెనీ వాళ్ళు ముందే కనిపెట్టినట్టున్నారు, 2021లోనే 0.5 శాతం బీరు దింపారు. ఘాటు డబ్బా మందులు, అంటే 8 శాతం, ఆ పైనవి, కొత్తగా తీసుకురామని 2024లో చెప్పేశారు.

అది చదువుతుంటే మీ అవ్వ గుర్తొచ్చింది. మీ కలిగిరి పక్కనే కదా దూబగుంట. 1992లో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన కథ మీ అరుగు మీద కూర్చుని చెప్పేది, సారా ప్యాకెట్లని చీపురుతో చిమ్మినట్టు చెయ్యి ఊపుతూ. 1993లో సారా ఆగింది, 1995లో మొత్తం మందే ఆపారు, 1997లో మళ్ళీ తెరిచారు, ఖజానా ఖాళీ అయిందని. అక్కడైనా ఇక్కడైనా గల్లాపెట్టె భాష ఒకటే. కాకపోతే అవ్వావాళ్ళు రోడ్డు మీద కూర్చుని ఆపాల్సి వచ్చింది. వీడు ఒక్క 'దేనికండీ'తో...

నగోయా దాటి చాలాసేపయింది, క్యోటో వస్తోంది. తొందరగా రాయాలి.

శీనుగా, ఇది రాయడానికే అసలు మొదలుపెట్టా. మన హాస్టలు రూము నంబరు 14. క్రోటను మొక్క.

నేను చూశా. నువ్వు నీ గ్లాసు కుండీలో పొయ్యడం మొదటిరోజే చూశా. చూసీ ఏమీ అనలేదు, ఇంకో పెగ్గు పోశా, మళ్ళీ ఎలా పోస్తావో చూద్దామని. మిగతావాళ్ళతో కలిసి నీకు గాజులు కొనిపెడతానని కూడా అన్నా. ఫైనలియర్ వరకూ. ఆ మొక్క ఎండిపోతే నువ్వే కొత్తది తెచ్చి పెట్టావు, ఎవరికీ తెలియకుండా. అది కూడా తెలుసు నాకు. ఇన్నేళ్ళలో నువ్వు ఒక్కసారీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. హెడ్మాస్టరు 'పుల్ల వద్దు' అన్నప్పుడు ఆయన పక్కన నువ్వు కూర్చున్నట్టు అనిపించింది. సారీ అంటే నువ్వు బూతులు తిడతావు, అందుకే

క్యోటోలో పక్క సీటుకి ఒకావిడ వచ్చింది, మోచెయ్యి ఆనించడానికి చోటు లేదు. అక్షరాలు వంకరైతే చదువుకో.

నేను మానేశానని మాత్రం అనుకోకు. ఆ రోజు నా ముందు బీరు మగ్గు అప్పటికే ఉంది. నురగ దిగిపోయేదాకా చూస్తూ కూర్చున్నా, సగం తాగా, సగం వదిలేశా. ఆ తర్వాత నాకూ టీ చెప్పా. కొత్త సంవత్సరం రోజు ఇంట్లో ఒక డబ్బా తాగా. మార్చిలో మళ్ళీ చెకప్ ఉంది, అంకె రాస్తా.

వెళ్ళేటప్పుడు ఓనరమ్మ హెడ్మాస్టరు గారికి ఒక పుల్ల చేతిలో పెట్టింది, గుర్తుగా. నేను సిగ్గు విడిచి నాకూ ఒకటి అడిగా. ఎర్రది, చివర చిన్న గుండు ఉంది. దీంతోపాటే కవర్లో పెడుతున్నా. మీ ఇంట్లో ఇప్పుడు కుండీలు ఉన్నాయా? ఏ మొక్క అయినా ఫరవాలేదు, మట్టిలో గుచ్చి ఫొటో పం

షిన్ ఒసాకా. దిగాలి.

నీ
బక్కోడు