టికెట్ దొరకనివాళ్లకు బార్ ఒక్కటే దిక్కా?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఐపీఎల్ వచ్చిందంటే ఉప్పల్ చుట్టుపక్కల ఉండే మా పరిస్థితి విచిత్రంగా ఉంటుంది. స్టేడియం లైట్ల వెలుగు మా రామంతాపూర్ మేడ మీంచి కనబడుతుంది, అరుపులు వినబడతాయి, మెయిన్ రోడ్డు మీద ట్రాఫిక్ అంతా మా గల్లీల్లోకి వచ్చి పడుతుంది, టికెట్ మాత్రం దొరకదు. ఆన్‌లైన్ క్యూలో మన వంతు వచ్చేసరికి తక్కువ ధరవి అయిపోయి ఉంటాయి, మిగిలినవి చూస్తే నెల కిరాణా సరుకుల ఖర్చు. ఇంట్లో టీవీ ఉంది కదా అంటారు, నిజమే, కానీ క్రికెట్‌ను నలుగురితో కలిసి అరుస్తూ చూడటం వేరు.

అందుకే 2025 ఏప్రిల్ 12న, శనివారం, సన్‌రైజర్స్-పంజాబ్ మ్యాచ్‌కి నేనూ మా ఆఫీసు మిత్రుడూ స్టేడియానికి కూతవేటు దూరంలో ఉన్న ఒక బార్‌కి వెళ్లాం. పేరెందుకు లెండి. మా పద్నాలుగేళ్లవాడు నేనూ వస్తానని గొడవ. బార్‌లోకి మైనర్లను రానివ్వరు, రానివ్వకూడదు కూడా. మన రాష్ట్రంలో మందు కొనాలంటే 21 ఏళ్లు నిండి ఉండాలి. వాణ్ణి ఇంట్లో వదిలేసి వెళ్తుంటే మనసు ఒప్పలేదు గానీ వెళ్లాను, అబద్ధం ఎందుకు.

లోపల నాలుగు వైపులా తెరలు, ఆరెంజ్ జెర్సీలు. మామూలు రోజుల్లో ఊరికే కూర్చోనిచ్చే టేబుల్‌కి ఆ రోజు రెండు వేల మినిమమ్ బిల్లు అన్నారు. నేను మందు ముట్టను, నిమ్మకాయ సోడా, చికెన్ మెజెస్టిక్, పల్లీ మసాలాలతో రెండు వేలు ఎలా అవుతాయో మీరే లెక్కేయండి. పైగా కామెంటరీ ఆపేసి డీజే పాటలు పెట్టారు. తెలుగులో చక్కగా కామెంటరీ వస్తుంటే బొమ్మ ఒకటి, మోత ఇంకొకటి.

అసలు తమాషా వేరే ఉంది. తెర మీద ప్రసారం నెట్‌లోంచి వస్తోంది, అసలు ఆట కంటే పది సెకన్లకు పైనే వెనకబడి నడుస్తోంది. స్టేడియం కేక మాత్రం కిలోమీటరు దూరాన్ని మూడు సెకన్లలో దాటి బాల్కనీలోంచి లోపలికొచ్చేస్తుంది. అంటే బౌలర్ ఇంకా రనప్ మొదలుపెట్టకముందే అది సిక్స్ అని మాకు తెలిసిపోతోందన్నమాట. పంజాబ్ బ్యాటింగ్ అప్పుడు ఈ బాధ తెలియలేదు, మనవాళ్లను కొడుతుంటే స్టేడియం మూగబోతుంది కదా. చివరి ఓవర్లో స్టొయినిస్ షమీని వరసగా నాలుగు సిక్సులు బాదితే స్కోరు 245కి చేరింది, బార్ మొత్తం బిల్లు వచ్చినట్టు నిశ్శబ్దం.

తర్వాత మన సన్‌రైజర్స్ ఓపెనర్ అభిషేక్ శర్మ మొదలెట్టాడు. 28 పరుగుల దగ్గర ఉండగా బయట స్టేడియం ఒక్కసారి చల్లబడింది, ఆ వెంటనే హోరున గోల. ఏమైందో ఎవరికీ అర్థం కాక అందరం ముఖముఖాలు చూసుకున్నాం. కాసేపటికి తెర మీద క్యాచ్, అయిపోయిందిరా అని తలలు పట్టుకుంటే నోబాల్, ఔట్ కాదు! ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. 40 బంతుల్లో సెంచరీ కొట్టి, జేబులోంచి చీటీ తీసి ఆరెంజ్ ఆర్మీ కోసమని, అంటే మా అభిమానుల కోసమని చూపించాడు, 55 బంతుల్లో 141 చేశాడు. తొమ్మిది బంతులు మిగిలుండగానే 246 లక్ష్యం అయిపోయింది. డబ్బులు పోతే పోయాయి, ఆ రాత్రి మర్చిపోను. బిల్లులో సర్వీస్ ఛార్జీ కలిపారు. అది తప్పనిసరి చేయకూడదని ఢిల్లీ హైకోర్టు అంతకు రెండు వారాల ముందే, మార్చి 28న చెప్పిందని గట్టిగా అడిగితే గొణుక్కుంటూ తీసేశారు.

ఇంటికెళ్లేసరికి మావాడు మేడ మీదే ఉన్నాడు, కేకని బట్టి ఏది ఫోరో ఏది సిక్సో చెప్పేసేవాడినన్నాడు.

వాణ్ణి చూస్తే నాకు 1999 నవంబరు 8 గుర్తొచ్చింది. ఎల్బీ స్టేడియంలో న్యూజిలాండ్‌తో మ్యాచ్, నేను డిగ్రీ కుర్రాణ్ణి, జేబులో బస్సు చార్జీలు తప్ప ఏమీ లేవు. క్లాసు ఎగ్గొట్టి ఆబిడ్స్‌లో ఒక టీవీల షాపు ముందు ఫుట్‌పాత్ మీద నిలబడి సచిన్ 186 నాటౌట్, ద్రవిడ్ 153 చూశాను, ఇద్దరి భాగస్వామ్యమే 331 పరుగులు. పక్కన రిక్షా ఆయన, స్కూలు పిల్లలు, చీరల సంచులతో ఇద్దరు ఆంటీలు. ఎవరూ ఆధార్ అడగలేదు, మినిమమ్ బిల్లు అడగలేదు. షాపాయన మధ్యమధ్యలో విసుక్కున్నా టీవీ మాత్రం కట్టేయలేదు.

ఇప్పుడు ఆ ఫుట్‌పాత్ పోయి బార్ వచ్చింది. పిల్లలకీ ముసలివాళ్లకీ అక్కడ చోటు లేదు, ఆడవాళ్లు వెళ్లినా ఎవడో ఒకడు గుడ్లప్పగించి చూస్తాడు. క్రికెట్ బోర్డువాళ్లు 2015 నుంచి ఫ్యాన్ పార్కులు పెడుతున్నారు, 2025లో 50 నగరాల్లో పెట్టారు, పెద్ద తెర, ఉచిత ప్రవేశం. కానీ అవి ఐపీఎల్ మ్యాచ్‌లు జరగని ఊళ్ల కోసం. స్టేడియం ఉన్న ఊళ్లో అందరికీ టికెట్ దొరుకుతుందని ఎవరనుకున్నారో!

జనం గుమిగూడితే ప్రమాదం కాదా అని అడుగుతారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు, ఆ భయం నాకూ ఉంది. అందుకే స్టేడియం గేటు దగ్గర వద్దంటున్నాను. ఎల్బీ స్టేడియంలాంటి చోట, ముందుగా పాసులిచ్చి, లెక్క ప్రకారం ఇంతమందేనని కట్టడి చేసి, మందు లేకుండా, పిల్లలతో కూర్చునేలా ఒక పెద్ద తెర పెట్టమంటున్నాను. యాభయ్యో వందో టికెట్ పెట్టినా ఇస్తాం. మ్యాచ్ రోజుల్లో మెట్రో రాత్రి పొద్దుపోయేదాకా నడిపినట్టే దీనికీ నడిపితే తాగి బండి నడిపేవాళ్లూ కొంత తగ్గుతారు.

ఒక్క మనవి. ఆ తెర ఎక్కడ పెట్టినా ఉప్పల్‌కి ఓ నాలుగైదు కిలోమీటర్ల అవతలే పెట్టండి. కేక ముందొచ్చి బంతి తర్వాత రావడం మళ్లీ మావల్ల కాదు.

– ఒక క్రికెట్ అభిమాని, రామంతాపూర్, హైదరాబాద్