ఏటి గర్భంలో డీజిల్ పొయ్యనివ్వకండి: గనుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ గనులు, భూగర్భ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను పులిచింతలకు, ప్రకాశం బ్యారేజీకి నడుమ కృష్ణ ఒడ్డున వ్యవసాయం చేసుకునే రైతును. ఏట్లో ఇసుక, గులక ఎంత లోతు తవ్వాలి, అందుకు యంత్రాలు ఏట్లోకి దిగవచ్చా అన్న వాదనల మీద మీకు ఇప్పటికే ఎన్నో అర్జీలు వచ్చి ఉంటాయి కాబట్టి వాటిని ఇక్కడ ఎత్తడం లేదు. దిగిన యంత్రానికి డీజిల్ ఎక్కడ పోస్తున్నారన్న ఒక్క విషయమే మీ దృష్టికి తెస్తున్నాను.

గత వేసవిలో మా ఊరి దగ్గర గులక తవ్వే చోట ట్రాక్టరు మీద 200 లీటర్ల డ్రమ్ము తెచ్చి, చేతి పంపుతో ప్రొక్లెయిన్‌కు, అంటే తవ్వే యంత్రానికి, డీజిల్ పట్టారు. పని అయ్యాక పైపు బయటికి లాగితే అందులో మిగిలిందంతా గులక మీదికి కారింది. అక్కడున్న మేస్త్రీ కాలితో నాలుగు రాళ్లు తోసి కప్పేశాడు. మరునాడు కొంచెం దిగువన మేం పశువులకు తోడుకునే చెలమలో నీటి మీద రంగురంగుల తెట్టు తేలింది. ఎద్దు మూతి పెట్టి, వాసన చూసి, వెనక్కి తిరిగింది.

బంకమట్టి మీద ఒలికిన డీజిల్ కొంతసేపు కంటికి కనిపిస్తుంది, మట్టితో సహా ఎత్తిపోయవచ్చు. గులకలో పడినది సందుల్లోంచి జారి తిన్నగా ఊటను చేరుతుంది. నీటికన్నా తేలిక కనుక ఊట మట్టం మీద పరుచుకుని, మట్టంతో పాటే పైకీ కిందికీ కదులుతూ, రాళ్లకు అంటుకుని చాలాకాలం ఉండిపోతుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో మినరల్ ఆయిల్ (డీజిల్ లాంటి ఖనిజ నూనె) అర మిల్లీగ్రాముకు మించరాదు. ఆ లెక్కన 16 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చడానికి ఒక్క లీటరు డీజిల్ చాలు. మాకు దిగువన విజయవాడ ఈ నీటినే తాగుతోంది.

1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం, ఒక్కో పాత్ర వెయ్యి లీటర్లకు మించనంతవరకు, ఒకచోట 2,500 లీటర్ల డీజిల్‌ను లైసెన్సు లేకుండానే ఉంచుకోవచ్చు. అంటే 12 డ్రమ్ములు ఏటి ఒడ్డున వరసగా నిలబెట్టినా ఆ చట్టం అడగదు. అది నిప్పును తలచుకుని రాసిన చట్టం, నీటి సంగతి దానికి పట్టలేదు.

వరద సంగతి వేరే చెప్పాలా? 2021 ఆగస్టులో కంచికచర్ల మండలం చెవిటికల్లు దగ్గర ఉన్నట్టుండి నీరు పెరిగి వందకు పైగా ఇసుక లారీలు నది మధ్యలో చిక్కుకుపోయాయి. మనుషులను పడవల మీద ఒడ్డుకు చేర్చారు, లారీలు మాత్రం డీజిల్ ట్యాంకులతో సహా నీళ్లలోనే ఉండిపోయాయి.

అందువల్ల రీచ్‌కు, అంటే ఏట్లో తవ్వకానికి కేటాయించే చోటుకు, అనుమతి ఇచ్చేటప్పుడే, వరద చేరని ఎత్తులో కాంక్రీటు గచ్చు, దాని చుట్టూ గట్టు, పైన రేకుల కప్పు ఉన్న చోటు చూపించి, డీజిల్ పోయడం, నిల్వ చేయడం, ఇంజిన్ ఆయిల్ మార్చడం అక్కడే జరగాలన్న షరతు పెట్టించండి. కప్పు చిన్న విషయం కాదు: కప్పు లేని గట్టు వానకు నిండితే ముందుగా పొర్లిపోయేది పైన తేలే డీజిలే. గొలుసు చక్రాల యంత్రాన్ని రోజూ గట్టెక్కిస్తే గొలుసులు అరుగుతాయని, గంటసేపు పని పోతుందని గుత్తేదారులు అంటారు. నిజమే. అయితే సాయంత్రం పని ఆగాక ఒక్కసారి ఎక్కించి, డీజిల్ పట్టి, రాత్రికి అక్కడే నిలిపితే వరద భయం కూడా తీరుతుంది. పగలు హైడ్రాలిక్ పైపు పగిలితే అందుకోవడానికి యంత్రం దగ్గరే ఒక రేకు తొట్టి, రెండు బస్తాల రంపపు పొట్టు ఉంటే చాలు, వాటికేమంత ఖర్చు కాదు.

ప్రమాదవశాత్తు నదిలో కలుషితాలు కలిస్తే కాలుష్య నియంత్రణ మండలికి వెంటనే తెలపాలని 1974 నాటి జల చట్టం 31వ సెక్షన్ చెబుతోంది. కాలితో రాళ్లు తోసిన ఆ మేస్త్రీకి ఈ మాట ఎవరూ చెప్పి ఉండరు. మా రీచ్ బోర్డు మీద హద్దులు, పరిమాణం, పనివేళలు రాసి ఉన్నాయి. డీజిల్ పోసే చోటు, ఒలికితే ఫోను చేయవలసిన నంబరు కూడా దాని మీద రాయించవలసిందిగా, వచ్చే వరదలకు ముందే ఈ మేరకు ఉత్తర్వులు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కృష్ణా తీరపు రైతు