బ్రూట్ కావా చెడిపోలేదు, కేకుతో ఇచ్చి చెడగొడుతున్నాం

సంపాదకులకు,

డిసెంబరు చివరి వారం వచ్చిందంటే మన పత్రికల్లో షాంపేన్ సీసా ఊపి నురగ చిమ్ముతున్న ఫొటోలు తప్పవు. హన్మకొండ, కరీంనగర్, నిజామాబాద్ ఇళ్లలో ఈమధ్య ఆ సీసాల స్థానంలో స్పెయిన్ దేశపు బుడగల వైన్ కావా కూడా, తీపి తక్కువున్న బ్రూట్ రకంతో సహా, కనిపిస్తోంది. విదేశాల నుంచి వచ్చే పిల్లలు సుంకం లేకుండా తెచ్చుకోగల రెండు లీటర్లలో ఒకటి రెండు సీసాలు ఇవే ఉంటున్నాయి. తాగినవాళ్లలో చాలామంది మాత్రం ఒక్క గుక్కకే మొహం చిట్లించి, పుల్లగా ఉంది, చెడిపోయినట్టుంది అని పక్కన పెట్టేస్తారు. అది చెడిపోలేదు. తగిన చల్లదనంలో కాకుండా, కేకు ముక్క తిన్న నోటికి అందించడం వల్ల అలా అనిపిస్తుంది. ఇంత శ్రమతో తయారైన పానీయం నేల మీద చిమ్మడానికో, సింక్‌లో పారబోయడానికో కాదని మీ పాఠకులకు చెప్పాలనే ఈ ఉత్తరం.

బార్సిలోనాకు పడమట, పెనెదెస్ ప్రాంతంలోని సంట్ సదుర్ని దనోయా అనే ఊరు దీని పుట్టిల్లు. 1872లో కొదోర్నియు కుటుంబానికి చెందిన జూజెప్ రవెంతోస్ అక్కడ ఫ్రాన్స్‌లోని షాంపేన్ పద్ధతిలో మొదటి సీసాలు తయారుచేశాడు. ముఖ్యమైన ద్రాక్షలు మూడు. మకబెయో పండు వాసననిస్తుంది, పరెయ్యాద పూల సువాసననిస్తుంది, షరెల్లో పులుపునూ చిక్కదనాన్నీ ఇస్తుంది. ఏళ్ల తరబడి నిలవుండే కావాల్లో షరెల్లో వాటా ఎక్కువగా ఉంటుంది.

ముందు మామూలు తెల్ల వైన్ చేస్తారు. దాన్ని సీసాలో పోసి, లీటరుకు దాదాపు 24 గ్రాముల చక్కెర, కొంచెం ఈస్ట్ కలిపి మూత బిగిస్తారు. ఈస్ట్ ఆ చక్కెరను తింటుంది. పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌కు బయటికి దారి ఉండదు కాబట్టి వైన్‌లోనే కరిగిపోతుంది. లోపలి ఒత్తిడి 5, 6 బార్ల దాకా చేరుతుంది, అంటే కారు టైరులో ఉండేదానికి రెండింతల పైనే. పని అయిపోయిన ఈస్ట్ మడ్డిగా అడుగున చేరుతుంది. ఆ మడ్డి మీద సీసా కనీసం 9 నెలలు ఉంటేనే కావా అన్న పేరు పెట్టనిస్తారు. రిజర్వా అన్న రకానికి 18 నెలలు, ఇంకా ఎక్కువ కాలం నిలవుంచే గ్రాన్ రిజర్వాకు 30 నెలలు. కాల్చిన రొట్టె, వేయించిన గింజల వాసన వచ్చేది ఈ మడ్డి నుంచే. ఇటలీ బుడగల వైన్ ప్రొసెక్కోలో అది అంతగా ఉండదు, ఎందుకంటే దానికి బుడగలు ఎక్కువగా పెద్ద స్టీలు ట్యాంకుల్లోనే పుట్టిస్తారు. చివరికి సీసాను తలకిందులు చేసి, మడ్డిని మెడలోకి దించి, మెడను గడ్డకట్టించి, ఆ మంచు ముక్కను బయటికి తోసేస్తారు. తగ్గిన వైన్ నింపేటప్పుడే ఎంత తీపి కలపాలో నిర్ణయిస్తారు.

సీసా కొనేవాళ్లు చదవాల్సిందీ ఆ తీపి సంగతే. బ్రూట్ నేచర్ అంటే లీటరుకు 3 గ్రాముల లోపు, పైనుంచి చక్కెర ఏమీ కలపరు. ఎక్స్‌ట్రా బ్రూట్ 6 గ్రాముల వరకు, బ్రూట్ 12 వరకు. మోసపోయేది ఆ తర్వాత. ఎక్స్‌ట్రా సెకోలో 12 నుంచి 17 గ్రాములు, సెకోలో 17 నుంచి 32. ఎగుమతి సీసాల మీద వీటినే ఎక్స్‌ట్రా డ్రై, డ్రై అని రాస్తారు. డ్రై అని చూసి తీపి అసలు లేదనుకుని కొంటారు గాని, అది బ్రూట్ కన్నా తియ్యన. సెమీ సెకో 32 నుంచి 50, దుల్సె 50 పైన. 125 మిల్లీలీటర్ల గ్లాసు లెక్కన బ్రూట్‌లో ఒకటిన్నర గ్రాము దాటదు, సెమీ సెకోలో 4 నుంచి 6 గ్రాములు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు ఈ అంకెలు చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. ఆల్కహాల్ విడిగా రక్తంలో చక్కెరను పడగొట్టగలదు, కాబట్టి డాక్టరును అడగాల్సిందే. మొదటిసారి రుచి చూసేవాళ్లకు బ్రూట్ నేచర్ వద్దని నా సలహా. బ్రూట్ రిజర్వాతో మొదలుపెట్టడం మేలు.

లేత కావాకు 6 నుంచి 8 డిగ్రీలు, గ్రాన్ రిజర్వాకు 8 నుంచి 10 డిగ్రీల చల్లదనం కావాలి. వెచ్చబడితే గ్యాస్ ఒక్కసారిగా పొంగి, మిగిలిన వైన్ చప్పగా, ఘాటుగా తోస్తుంది. మరీ గడ్డకట్టేంత చల్లబరిస్తే వాసన చచ్చిపోయి పులుపొక్కటే నాలుక్కి తగులుతుంది. ఫ్రిజ్‌లో నాలుగు గంటలు పెట్టండి. అంత సమయం లేకపోతే లోతైన గంజులో సగం ఐసు, సగం నీళ్లు పోసి మెడదాకా ముంచండి, అరగంట చాలు. గుప్పెడు ఉప్పు వేస్తే ఇంకా త్వరగా చల్లబడుతుంది. నీళ్లు లేకుండా ఐసు ముక్కలే వేస్తే వాటి మధ్య గాలి మిగిలిపోయి చల్లదనం సీసాకు అందదు. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే సీసా పగులుతుంది.

తెరిచేటప్పుడు ఊపకండి. రేకు తీసి, బొటనవేలు బిరడా మీద నొక్కిపెట్టి, బిరడాను పట్టి ఉంచే తీగను అర చుట్టు చొప్పున ఆరుసార్లు తిప్పి వదులు చేయండి. ఆ వేలు చివరిదాకా అక్కడే ఉండాలి. తీగ వదులైన క్షణం నుంచి బిరడా ఎప్పుడైనా ఎగరవచ్చు, కంటికి తగిలితే చూపు పోయే ప్రమాదముంది. సీసాను 45 డిగ్రీలు వంచి, మనుషులు లేని వైపు తిప్పి, బిరడాను కదలకుండా పట్టుకుని సీసాను తిప్పండి. టప్పుమనకుండా, చిన్న నిట్టూర్పులా గ్యాస్ వదిలితే సరిగా తెరిచినట్టు. గ్లాసు కాస్త పొడవుగా, పైన మూతి సన్నబడుతూ ఉండాలి. సబ్బు జిడ్డు మిగిలితే నురగ నిలవదు కనుక వేడి నీళ్లతో కడిగి ఆరనివ్వండి. ముందు కొంచెం పోసి, నురగ దిగాక మూడింట రెండు వంతుల దాకా నింపండి.

ఇక తిండి. తియ్యటి మిఠాయి తిన్న వెంటనే చాయ్ తాగితే చక్కెరే వేయనట్టు అనిపిస్తుంది కదా, కేకు, భక్ష్యాలు, అరిసెల తర్వాత బ్రూట్ తాగినా అంతే. నోట్లోని తీపి వైన్‌లోని పులుపును రెట్టింపు చేసి చూపిస్తుంది. కేకు కోయాల్సిందే అనుకుంటే సెమీ సెకో కొనండి. బ్రూట్ నేచర్‌కు అసలైన జోడీ మన సకినాలు. బియ్యప్పిండి కరకర, ఉప్పు, నూనెను దాని పులుపు, బుడగలు కడిగేస్తాయి, నువ్వుల వాసన మడ్డి మీద నిలవున్న కావా వాసనతో కలిసిపోతుంది. సర్వపిండి, మక్క గారెలు, కారం తక్కువ వేసిన చేప వేపుడు కూడా బాగా కుదురుతాయి. అంకాపూర్ నాటుకోడి దగ్గర జాగ్రత్త. మిరప మంటను ఆల్కహాల్ పెంచుతుంది, బుడగలు ఇంకా గుచ్చుతాయి. అలాంటి కూరకు ఎక్స్‌ట్రా సెకో మంచిది, ఆ కాస్త తీపి మంటను ఆపుతుంది. పచ్చిపులుసుతో మాత్రం ఏ కావా నిలవదు, చింతపండు ముందు అది నీళ్లలా తేలిపోతుంది.

మా వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. బీరువా మీద, వంటింటి అల్మారాలో పెట్టిన సీసా ఒక్క వేసవిలోనే ఉడికిన ఆపిల్ వాసన పట్టి రంగు ముదురుతుంది. అప్పుడు దాన్ని నిజంగానే చెడిపోయిందనవచ్చు. ఫ్రిజ్ అడుగు అర తప్ప మన ఇళ్లలో దీనికి వేరే చోటు లేదు. దుకాణంలో రోడ్డు వైపు అద్దాల వెనక, ట్యూబులైటు కింద నిలబెట్టిన సీసా కొనకండి. వెలుతురు తగిలితే ఉడికిన క్యాబేజీ వాసన వస్తుంది, తెల్ల గాజు సీసాకు ఆ ముప్పు మరీ ఎక్కువ. కొందరు తయారీదారులు మడ్డి తీసిన తేదీని వెనక చీటీ మీద వేస్తారు. అది దాటి రెండేళ్లయితే మామూలు కావాను వదిలేయడమే మంచిది.

సగం మిగిలితే మెడలో చెంచా వేయడం వల్ల ఉపయోగం లేదు. బిగించి పట్టే స్టాపరు పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాటికి బుడగలుంటాయి. 11.5 శాతం ఆల్కహాల్ ఉన్న ఒక సీసాకు ఆరు గ్లాసులు, గ్లాసుకు దాదాపు 11 గ్రాముల ఆల్కహాల్. అయిదు శాతం ఉన్న పెద్ద బీరు సీసాలో ఆ ఒక్క గ్లాసుకు రెండింతల పైనే ఉంటుంది. అయినా తాగినవాళ్లు బండి తాళాలు ముట్టకూడదు, ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాళ్లకు గ్లాసు ఇవ్వకూడదు.

ఈసారి డిసెంబరు అనుబంధంలో నురగ చిమ్మే ఫొటో బదులు తీపి మెట్ల పట్టికను, సీసా తెరిచే తీరును అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హన్మకొండ