కేంద్ర భూ విజ్ఞాన శాఖ మంత్రి గారికి కోనసీమ కౌలు రైతు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కరించి వ్రాయునది.

కోతల వేళ అందే వాన సూచనల గురించి మండలంలోనూ జిల్లాలోనూ ఇచ్చిన అర్జీలకు ‘తగు చర్య నిమిత్తం పై అధికారులకు పంపడమైనది’ అన్న జవాబు తప్ప మరేమీ రాలేదు కనుక, ఆ పై అధికారులందరికీ పైనుండి వాతావరణ శాఖను చూసే తమకే, పదిమందీ చదివేలా ఈ లేఖ వ్రాస్తున్నాను.

తుపానుల విషయంలో మీ శాఖను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. 1996 నవంబరు 6 రాత్రిని చూసిన ప్రాంతం మాది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దాపున తీరం దాటే వేళకు లంక గ్రామాల వాళ్లూ సముద్రపొడ్డు వాళ్లూ ఎందరో పునరావాస కేంద్రాల్లో ఉన్నారంటే అది ముందస్తు హెచ్చరిక చలవే. నా గోడంతా పేరు పెట్టని వానల గురించి: సార్వా (ఖరీఫ్) కోతలప్పుడు పట్టే ముసురు, దాళ్వా (రబీ) కోతలప్పుడు సాయంత్రం పూట ఉరిమి కురిసే వాన.

కోతల కాలంలో మాకు అందే సూచన ఏటా ఒక్కటే. ‘జిల్లాలో కొన్నిచోట్ల తేలికపాటి నుండి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది.’ మీ శాఖ కొలతల ప్రకారం తేలికపాటి వాన 2.5 మిల్లీమీటర్ల దగ్గర మొదలై, మోస్తరు వాన 64.4 దాకా వెళుతుంది. రెండున్నర మిల్లీమీటర్లు పడితే పనలు తిరగేసుకుంటే మర్నాటికి ఆరిపోతాయి. అరవై పడితే అవే పనలు నీళ్లలో నానుతాయి, పూడిపోయిన మురుగు కాలువ ఆ నీరు లాగదు, నాలుగు రోజులకు వెన్నులోనే గింజ తెల్లగా మొలక వేస్తుంది. ఈ రెంటికీ కలిపి ఒకే వాక్యం చెప్పి, కోయాలో ఆగాలో నిర్ణయించుకోమంటే మేమేమి నిర్ణయించుకోగలం? కోత మిషన్ వాడు గంట లెక్కన కిరాయి తీసుకుంటాడు, మనం వద్దంటే పక్క ఊరు పోతాడు. బరకాలు అద్దెకు తెచ్చి రాశి కప్పితే ఆ రోజు ఎండ కాస్తుంది, కప్పకపోతే తడుస్తుంది. తడిసిన ధాన్యం కొనుగోలు కేంద్రానికి పోతే, అక్కడి కుర్రాడు గుప్పెడు గింజలు తేమ మిషన్‌లో పోసి, తేమ పదిహేడు శాతం దాటిందని చూపించి పక్కన పెట్టేస్తాడు. ఆ మిషన్‌కు మాత్రం ‘కొన్నిచోట్ల’ అనే మాట తెలియదండీ, దశాంశంతో సహా చెబుతుంది.

మీ దగ్గర లెక్క లేదా అంటే, ఉంది. 850 కోట్ల రూపాయలతో తెచ్చిన అర్క, అరుణిక సూపర్ కంప్యూటర్లను 2024 సెప్టెంబరులో ప్రారంభించారు. భూమిని ఆరు కిలోమీటర్ల గడులుగా విడగొట్టి వాతావరణాన్ని గణించే భారత్ ఫోర్‌కాస్టింగ్ సిస్టమ్‌ను 2025 మే నెలలో తెచ్చారు. అంతకుముందే, 2018 జూన్ నుంచి, ఆరంభ పరిస్థితులను కొద్ది కొద్దిగా మార్చి, వాతావరణాన్ని గణించే ఒకే కంప్యూటర్ మోడల్‌ను 21 విధాలుగా నడిపే పద్ధతి మీ శాఖలో ఉంది. ఆ 21లో పదిహేను మా వైపు గట్టి వాన చూపిస్తే నేను కోత ఆపుకుంటాను, మూడే చూపిస్తే తెగించి మిషన్ దింపుతాను. నాకు కావలసింది ఆ పదిహేనో, ఆ మూడో. అది మా ఊరు చేరేసరికి ‘అవకాశం ఉంది’గా మిగులుతోంది.

పంచాయతీ స్థాయి సూచన ఇస్తున్నాం కదా అని అధికారులు అనవచ్చు. ఫోనులో ఆ అంకె చూస్తూనే ఉన్నాను. దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో, పోయిన కోతల్లో అది మా మండలంలో ఎన్నిసార్లు నిజమైందో నాకు ఎక్కడా కనబడలేదు. దాన్ని విడమరచి చెప్పవలసిన జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలను, దేశమంతటా 199 ఉన్నవాటిని, 2024 మార్చితో మూసివేశారు. ఇక మాకు దగ్గరలోని ఒక ప్రభుత్వ ఆవరణలో ఉన్న వర్షమాపకం గరాటు నిండా కానుగాకులు కుళ్లి, కింద నుంచి చీమలు పుట్ట పెట్టాయి. మోడల్ లెక్క నిజమైందో తప్పిందో తేల్చవలసింది ఆ గరాటులో పడ్డ నీళ్లే కదా! పుణెలోని అర్క కంప్యూటర్‌కు మా ఊళ్లో ఎంత వాన పడిందో చెప్పే నాథుడు లేనప్పుడు అది తన తప్పు ఎలా దిద్దుకుంటుంది?

మోడల్ ఎప్పుడూ నిజమే చెప్పాలని మేము కోరడం లేదు. ఉరుముల వాన ఏ చేను మీద పడుతుందో ముందురోజే చెప్పడం ఎవరి తరమూ కాదని మాకూ తెలుసు. అందుకే అడుగుతున్నాం, ఎంత అనుమానం ఉందో ఆ అనుమానాన్నే అంకెల్లో చెప్పండి. మండలం వారీగా, వాన పడే అవకాశం నూటికి ఎంతో, ఎంత పడవచ్చో, సాయంత్రం ఆరు లోపు తెలుగులో ఇవ్వండి. సీజను అయ్యాక ఎన్ని నిజమయ్యాయో, ఎన్ని తప్పాయో రైతు సేవా కేంద్రం గోడ మీద అతికించండి. వర్షమాపకాలు బాగు చేయించండి. మూసిన విభాగాలు తెరిపించండి, లేదా వాటి పని ఎవరు చేస్తారో చెప్పండి. దయచేసి ఈ లేఖను మాత్రం ‘తగు చర్య నిమిత్తం’ మళ్లీ మా మండలానికే పంపవద్దని ప్రార్థన.

ఇట్లు,
కోనసీమ జిల్లా కౌలు రైతు ఒకడు