రాకాసి గుళ్ల లెక్కలు అందరికీ చూపించండి: వారసత్వ శాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వారసత్వ శాఖ సంచాలకులకు,

నమస్కారం. నేను స్టాటిస్టిక్స్ చెప్పే టీచర్ని. మన రాకాసి గుళ్లలో, అంటే ఇనుప యుగంలో పెద్ద పెద్ద బండలతో కట్టిన సమాధుల్లో, తవ్విన ప్రతిదానిలో ఏ ఎముక ఎక్కడ దొరికింది, ఎంతమందివి, ఆడా మగా, వయసెంత అన్న వివరాలు ఆన్‌లైన్‌లో పెట్టమని అడగడానికి రాస్తున్నాను. ఎందుకో జెరూసలేం సంగతి చెబితే తెలుస్తుంది.

1980లో అక్కడి తల్పియోత్‌లో ఇళ్లు కడుతుంటే పాత సమాధి ఒకటి బయటపడింది. పది ఎముకల పెట్టెలు, ఆరింటి మీద పేర్లు. ఒకదాని మీద ‘యోసేపు కొడుకు యేసు’, ఇంకోదాని మీద ‘మరియ’. ఇది యేసు కుటుంబానిదేనని 2007లో ఒక డాక్యుమెంటరీ చెప్పింది. ఇలాంటి పేర్లన్నీ ఒకేచోట అనుకోకుండా కలిసే అవకాశం ‘600కు ఒకటి’ అంటూ, ఒక్కో పేరు ఎంత అరుదో గుణించి కెనడా గణాంకవేత్త ఆండ్రీ ఫొయర్‌వెర్గర్ వేసిన లెక్క ప్రపంచమంతా తిరిగింది. గుణకారం సరైనదే కావచ్చు. కానీ యేసు, యోసేపు, మరియ ఆ రోజుల్లో ఊరంతా ఉన్న పేర్లు. లెక్క బరువు చాలావరకు ‘మరియమ్నే’ అన్న మరో పేరు యేసు శిష్యురాలు మగ్దలేనే మరియదే అనుకోవడం మీద పడింది. ఆ ఊహ తీసేస్తే అంకె నిలవదు. ఊహలన్నీ ఆయన రాసిపెట్టారు కాబట్టే 2008లో తోటి శాస్త్రవేత్తలు వాటిని ఒక్కొక్కటిగా ప్రశ్నించగలిగారు.

నన్ను బాధపెట్టేది వేరే ఉంది. ఆ తవ్వకం నివేదిక 1996లో గానీ అచ్చు కాలేదు. ఆ సమాధిలో 35 మందిని ఉంచారన్నది కూడా ఎముకలు లెక్కపెట్టి చెప్పింది కాదు, సగటులను బట్టి వేసిన అంచనా.

మన సమాధుల మీద పేర్లే లేవు. ఫలానా వారిదని ఎప్పటికీ చెప్పలేం. ఎలాంటివాళ్లని పూడ్చారో మాత్రం చెప్పొచ్చు. ఇనుప కత్తి దొరకగానే ‘వీరుడి సమాధి’ అనడం తేలిక. కత్తి ఉన్నవాటిలో ఆడవాళ్లవి ఎన్ని? కత్తి లేని మగవాళ్లవి ఎన్ని? ఇవి పక్కపక్కన పెడితేనే ఆ మాటకు బలం వస్తుంది. ఖాళీగా దొరికినవీ, పగిలిపోయినవీ కూడా జాబితాలో ఉండాలి. పేపర్లకెక్కేవి ఎలాగూ గొప్పవే కదా.

2017లో సిద్దిపేట జిల్లా నర్మెటలో ఒక సమాధి మీది 40 టన్నులు దాటిన కప్పుబండను క్రేన్‌తో లేపితే ఎంతో ముచ్చటగా చెప్పుకున్నాం. సమాధుల్లో దొరికే ఒక్కో పంటికీ అంత శ్రద్ధ దక్కాలి.

దయచేసి నర్మెట, అదే జిల్లాలోని పుల్లూరు తవ్వకాల రికార్డులతో మొదలుపెట్టండి. డేటా ఎక్కించే పనికి నాలాంటి టీచర్లం, మా స్టూడెంట్లం సెలవుల్లో వస్తాం.

ఇట్లు,
ఒక స్టాటిస్టిక్స్ టీచర్